నల్లరాతి వయసు, నాలుగు శక్తి స్థాయిలు

చంద్రాపూర్ నుంచి రాజురా మీదుగా కోర్పనా, జీవతి వైపు వెళ్తే నల్లరాతి నేల మొదలవుతుంది. దక్కన్ పీఠభూమి మీద పొరలు పొరలుగా పారిన లావా చల్లారి గట్టిపడిన రాయి అది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని దక్కన్ ట్రాప్ అంటారు. ఆ లావా పారి సుమారు 6.6 కోట్ల సంవత్సరాలైంది. మన బొగ్గుబాయిల్లోని బొగ్గు అంతకంటే చాలా పాతది, పాతిక కోట్ల సంవత్సరాలు పైబడింది. బొగ్గు పొరల మధ్య ఆకుల ముద్రలు దొరుకుతాయి కాబట్టి వాటిని చూసి కాలం కట్టవచ్చు. కరిగి పారిన లావాలో ఆకూ మిగలదు, ఎముకా మిగలదు. మరి నల్లరాతి వయసు మనకెలా తెలిసింది?

పొటాషియం వల్ల తెలిసింది. ఇంకా సూటిగా చెప్పాలంటే పొటాషియం 40 అనే ఒక రకం పరమాణువు కేంద్రకం వల్ల తెలిసింది. ఆ కేంద్రకంలో అట్టడుగున ఉన్న నాలుగు శక్తి స్థాయిలు ఏ వరుసలో ఉన్నాయన్నదే ఈ రోజు నేను చెప్పబోయే విషయం. ఆ వరుస మరోలా ఉంటే నల్లరాతి వయసు కొలవడానికి ఈ పొటాషియం మిగిలేదే కాదు. ఆ వరుస అలాగే ఎందుకుందో కాగితం మీద లెక్క వేసి చూపించిన వారిలో ఒక భారతీయుడు ఉన్నాడు.

రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ ఊళ్లలో, బల్లార్షాలో, బొగ్గుబాయిల కాలనీల్లో ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో ఇంటర్ చదివే పిల్లలు, బీఎస్సీ చదివే పిల్లలు వింటున్నారన్న ఆశతో ఈ విషయం ఎంచుకున్నాను. మన కాళ్ల కింది రాయికీ కేంద్రక భౌతికశాస్త్రానికీ ఇంత దగ్గరి సంబంధం ఉందని పాఠ్యపుస్తకాలు చెప్పవు. చెప్పాల్సిన విషయమని నా నమ్మకం.

ముందు కొలమానం సంగతి. పరమాణువుల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. మన చంద్రాపూర్ థర్మల్ పవర్ స్టేషన్ కొలిమిలో ఒక కార్బన్ పరమాణువు ఆక్సిజన్‌తో కలిసి మండితే వెలువడే శక్తి దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. కేంద్రకం లోపల లెక్క వేలల్లో, లక్షల్లో ఉంటుంది. అందుకే అక్కడ వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులను ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టుగా పట్టుకుంటారు. కేంద్రక శాస్త్రజ్ఞుడు తక్కువ శక్తి స్థాయి అన్నాడంటే కొన్ని పదుల నుంచి కొన్ని వేల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ఉన్న స్థాయి అని అర్థం. మంట వెలువరించే శక్తితో పోలిస్తే అది వేల రెట్లు పెద్దది.

కేంద్రకం తన ఇష్టం వచ్చినంత శక్తిని ఉంచుకోలేదు. దానికి కొన్ని స్థాయిలే అనుమతి. అన్నిటికంటే కిందిది భూస్థాయి. దాని పైన మొదటిది, రెండోది, మూడోది అలా ఉంటాయి. పై స్థాయిలో ఉన్న కేంద్రకం కిందికి దిగేటప్పుడు ఆ రెండింటి తేడాకు సరిపడే శక్తిని ఎక్కువగా గామా కిరణంగా వదులుతుంది. ఆ కిరణాల శక్తిని కొలిస్తే స్థాయిల మధ్య తేడాలు తెలుస్తాయి. ప్రతి స్థాయికీ ఒక స్పిన్ సంఖ్య కూడా ఉంటుంది. ఆ స్థాయిలో కేంద్రకానికి ఉన్న మొత్తం కోణీయ ద్రవ్యవేగాన్ని ఆ సంఖ్య చెబుతుంది. శక్తి ఎంత, స్పిన్ ఎంత అన్న ఈ రెండు సంగతులూ అడుగున ఉన్న నాలుగైదు స్థాయిలకు తెలిస్తే చాలు, ఆ కేంద్రకం లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఎలా సర్దుకుని ఉన్నాయో చాలావరకు ఊహించవచ్చు. ఆ ఊహను లెక్కగా మార్చడాన్నే నమూనా కట్టడం అంటారు.

ఇక పొటాషియం 40 దగ్గరికి వద్దాం. ఇందులో ప్రోటాన్లు 19, న్యూట్రాన్లు 21. మామూలు పొటాషియంలో దీని వాటా నూటికి 0.0117 మాత్రమే. అంటే దాదాపు ఎనిమిదిన్నర వేల పొటాషియం పరమాణువుల్లో ఒకటి. అయినా ఇది అంతటా ఉంది. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో సెకనుకు నాలుగు వేలకు పైగా పొటాషియం 40 కేంద్రకాలు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. ఇప్పుడు ఈ మాట వింటున్న మీ ఒంట్లోనూ అదే జరుగుతోంది. భయపడాల్సిందేమీ లేదు, మనిషి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

దీని అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు. విచ్ఛిన్నమైనప్పుడు నూటికి 89 వంతులు కాల్షియం 40 అవుతుంది, దాదాపు 11 వంతులు ఆర్గాన్ 40 అవుతుంది. కాల్షియం రాయిలో ముందే బోలెడు ఉంటుంది, కాబట్టి కొత్తగా చేరింది ఏదో పోల్చుకోవడం కష్టం. ఆర్గాన్ అలా కాదు. అది వాయువు. లావా కరిగి ఉన్నప్పుడు అందులోని ఆర్గాన్ బయటికి పోతుంది. గట్టిపడ్డాక పుట్టిన ఆర్గాన్ రాతి స్ఫటికాల మధ్య చిక్కుకుంటుంది. రాతిని కరిగించి ఆ ఆర్గాన్‌ను, మిగిలిన పొటాషియాన్ని కొలిస్తే లావా గట్టిపడి ఎంతకాలమైందో లెక్క తేలుతుంది. పొటాషియం ఆర్గాన్‌గా మారి ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త వైట్సాకర్ 1937లో ఊహించాడు. పాత ఖనిజాల్లో ఆ ఆర్గాన్ నిజంగానే పోగుపడి ఉందని ఆల్డ్రిచ్, నీర్ 1948లో చూపించారు. దక్కన్ లావాల వయసును మొదట ఈ పద్ధతితోనూ, తర్వాత దీన్నే మెరుగుపరచిన ఆర్గాన్–ఆర్గాన్ పద్ధతితోనూ కొలిచారు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్ ఉందంటే, అదంతా దాదాపుగా భూమి పుట్టినప్పటి నుంచి పొటాషియం 40 వదిలిందే.

ఇంతకాలం అది ఎందుకు బతికింది? ఇక్కడే స్థాయిల వరుస ముఖ్యమవుతుంది.

పొటాషియం 40 భూస్థాయి స్పిన్ 4. అది చేరాల్సిన కాల్షియం 40 భూస్థాయి స్పిన్ సున్నా. విచ్ఛిన్నమయ్యేటప్పుడు బయటికి వెళ్లే ఎలక్ట్రాన్, న్యూట్రినో ఆ నాలుగు యూనిట్ల స్పిన్‌ను మోసుకుపోవాలి. అంత తేలికైన కణాలు అంత కోణీయ ద్రవ్యవేగాన్ని మోసుకుపోవడం చాలా అరుదు. అందుకే ఆ దారిన మార్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. ఆర్గాన్ వైపు దారి ఉంది. ఆర్గాన్ 40లో మొదటి ఉత్తేజిత స్థాయి స్పిన్ 2. అది 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది. స్పిన్ తేడా రెండే కాబట్టి అడ్డంకి తక్కువ. కానీ పొటాషియం దగ్గర అటు వెళ్లడానికి ఉన్న మొత్తం శక్తి సుమారు 1505 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. మిగిలేది 44. అంత చిన్న మిగులుతో ఆ మార్పూ నెమ్మదిగానే సాగుతుంది. ఒక దారిలో స్పిన్ అడ్డం, మరో దారిలో శక్తి చాలదు. ఫలితం 125 కోట్ల సంవత్సరాల అర్ధాయువు.

భూస్థాయి స్పిన్ 4 కాకుండా 2 అయి ఉంటే? పొటాషియం 42ను చూడండి. దాని భూస్థాయి స్పిన్ 2. అర్ధాయువు పన్నెండు గంటల చిల్లర. దానికి శక్తి ఎక్కువ కావడం కూడా ఒక కారణమే, అది మరవకూడదు. అయినా పొటాషియం 40కి స్పిన్ 2 ఉండి ఉంటే కోట్ల సంవత్సరాలు నిలిచే ప్రశ్నే లేదు. సూర్యుడు పుట్టకముందు నక్షత్రాల్లో తయారైనది భూమి గట్టిపడేలోగానే అయిపోయేది. భూమి తొలినాళ్లలో ఇప్పటికంటే పన్నెండు రెట్లు ఎక్కువగా ఉండి, యురేనియం, థోరియంలతో పాటు భూగర్భాన్ని వేడెక్కించినది ఈ పొటాషియమే.

సరే, స్పిన్ 4 ఎందుకొచ్చింది? దీనికి సమాధానం షెల్ మోడల్‌లో ఉంది.

కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు వేటి కక్ష్యల్లో అవి తిరుగుతాయనీ, 2, 8, 20, 28, 50, 82, 126 సంఖ్యల దగ్గర కక్ష్యల గుంపులు నిండిపోతాయనీ మరియా గోపెర్ట్ మేయర్ అమెరికాలోనూ, హాన్స్ యెన్సెన్, ఆయన సహచరులు జర్మనీలోనూ 1949లో విడివిడిగా చూపించారు. ఈ సంఖ్యలను మ్యాజిక్ సంఖ్యలు అంటారు. మేయర్, యెన్సెన్‌లకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. కణం తిరిగే కక్ష్యకూ, దాని సొంత స్పిన్‌కూ మధ్య బలమైన ముడి ఉందని అనుకుంటేనే ఈ సంఖ్యలన్నీ సరిగ్గా వచ్చాయి.

బల్లార్షా స్టేషన్లో ఆగిన రైలు పెట్టెను మనసులో పెట్టుకోండి. ప్రోటాన్లకు ఒకటి, న్యూట్రాన్లకు ఒకటి, ఒక్కోదానిలో 20 సీట్లు. న్యూట్రాన్ల పెట్టె నిండిపోయింది. 21వ న్యూట్రాన్ ఒక్కటీ పక్క పెట్టెలో కూర్చుంది. ప్రోటాన్లు 19 కాబట్టి వాటి పెట్టెలో ఒక సీటు ఖాళీ. నిండిన సీట్ల సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు, వాటి స్పిన్‌లు ఒకదానికొకటి సరిపోయి సున్నా అవుతాయి. మిగిలేది పక్క పెట్టెలోని ఒక న్యూట్రాన్, ఇక్కడి ఒక ఖాళీ సీటు. నలభై కణాల సమస్య రెండింటి సమస్యగా మారిపోయింది. షెల్ మోడల్ బలమంతా ఈ కుదింపులోనే ఉందని నా అభిప్రాయం.

ఆ న్యూట్రాన్ ఉన్న కక్ష్య స్పిన్ ఏడు బై రెండు. ఖాళీ ఉన్న కక్ష్య స్పిన్ మూడు బై రెండు. ఈ రెండూ కలిస్తే రాగల మొత్తం స్పిన్‌లు 2, 3, 4, 5. అంతే, వేరేవి రావు. ప్రయోగంలో కనిపించినవీ సరిగ్గా అవే. పొటాషియం 40లో అడుగు నుంచి వరుసగా స్పిన్ 4 సున్నా దగ్గర, స్పిన్ 3 సుమారు 30 దగ్గర, స్పిన్ 2 సుమారు 800 దగ్గర, స్పిన్ 5 సుమారు 891 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు క్లోరిన్ 38ను చూద్దాం. ఇందులోనూ న్యూట్రాన్లు 21. ప్రోటాన్లు 17. ప్రోటాన్ల చివరి కక్ష్యలో నాలుగు చోట్లుంటే పొటాషియంలో మూడు నిండి ఒకటి ఖాళీ, క్లోరిన్‌లో ఒకటి నిండి మూడు ఖాళీ. కక్ష్యలు అవే కాబట్టి రాగల స్పిన్‌లూ అవే, 2, 3, 4, 5. వరుస మాత్రం వేరు. క్లోరిన్ 38లో స్పిన్ 2 అడుగున ఉంది. దాని పైన స్పిన్ 5 సుమారు 671 దగ్గర, స్పిన్ 3 సుమారు 755 దగ్గర, స్పిన్ 4 అన్నిటికంటే పైన 1309 దగ్గర ఉన్నాయి. పొటాషియంలో అట్టడుగున ఉన్న స్పిన్ 4 ఇక్కడ పైకి పోయింది. క్లోరిన్ 38 అర్ధాయువు 37 నిమిషాలు.

ఈ తారుమారుకు కారణం అందంగా ఉంటుంది. ప్రోటాన్, న్యూట్రాన్ దగ్గరికొస్తే ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. రెండు కక్ష్యల తలాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటే అవి తరచుగా దగ్గరికొస్తాయి, ఆకర్షణ బలపడి ఆ స్థాయి కిందికి దిగుతుంది. స్పిన్ 2, స్పిన్ 5 వచ్చినప్పుడు తలాల మధ్య వాలు అలా తక్కువగా ఉంటుంది. స్పిన్ 4 వచ్చినప్పుడు కోణం సుమారు 88 డిగ్రీలు, అంటే తలాలు దాదాపు లంబంగా ఉంటాయి. అవి కలుసుకునే అవకాశం తక్కువ, ఆకర్షణ తక్కువ, స్థాయి పైన ఉంటుంది. క్లోరిన్‌లో జరిగింది ఇదే. పొటాషియంలో ప్రోటాన్ స్థానంలో ఖాళీ ఉంది. కణం ఆకర్షించే చోట దాని లేమి వికర్షణలా పనిచేస్తుంది. కాబట్టి అక్కడ తక్కువ కలుసుకునే స్పిన్ 4 అడుగున నిలిచింది, ఎక్కువ కలుసుకునే 2, 5 పైకి పోయాయి.

ఇంతవరకు మాటల్లో చెప్పిన దాన్ని, మొదట్లో నేను ప్రస్తావించిన భారతీయుడు సుధీర్ పాండ్య 1956లో గణితంగా రాశాడు. ఒక కేంద్రకంలో కణానికీ కణానికీ మధ్య ఉన్న శక్తి స్థాయిలు తెలిస్తే, దాని జోడీ కేంద్రకంలో కణానికీ ఖాళీకీ మధ్య ఉండే స్థాయిలను సూటిగా లెక్కగట్టే సూత్రం అది. ప్రపంచమంతటా కేంద్రక శాస్త్ర పుస్తకాల్లో దాన్ని పాండ్య సంబంధం అనే పిలుస్తారు. అదే ఏడు గోల్డ్‌స్టీన్, టాల్మి కూడా ఇదే ఫలితానికి వచ్చారు. పాండ్య తర్వాత ఎన్నో ఏళ్లు అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసి, అక్కడ కేంద్రక సిద్ధాంతానికి ఒక బడి నిలబెట్టాడు.

ఆ సూత్రంలో పొటాషియం 40 స్థాయిల మధ్య ఉన్న మూడు తేడాలు వేస్తే క్లోరిన్ 38కి మూడు తేడాలు వస్తాయి. వచ్చిన అంకెలకూ ప్రయోగంలో కొలిచిన అంకెలకూ మధ్య తేడా 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతం దాటలేదు. మధ్యలో సర్దుకోవడానికి పెట్టుకున్న సంఖ్య ఒక్కటి కూడా లేదు. కేంద్రక బలం అసలు రూపం ఏమిటో ఆనాడు ఎవరికీ పూర్తిగా తెలియదు. అయినా ఒక కేంద్రకం చెప్పిన మాటతో ఇంకో కేంద్రకాన్ని లెక్కగట్టగలిగారు. ఒక నమూనా మీద నమ్మకం ఎందుకు పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

ఈ కథ ముగిసిపోలేదు. పొటాషియం 40 స్పిన్ 4 స్థాయి నుంచి తిన్నగా ఆర్గాన్ భూస్థాయికి దిగే అతి అరుదైన దారి ఒకటుంది. ఆ దారి ఉందని లెక్కలు చెబుతూ వచ్చాయి గానీ కొలత లేదు. దాన్ని కొలిచిన ఫలితం 2023లో వెలువడింది. విచ్ఛిన్నమయ్యే వెయ్యి కేంద్రకాల్లో దాదాపు ఒకటి ఆ దారిన పోతోందని తేలింది. రాళ్ల వయసు లెక్కలో ఆ ఒక్కటినీ కలుపుకోవాల్సిందే.

పొటాషియం 40 కేంద్రకం 20 అనే మ్యాజిక్ సంఖ్య పక్కనే ఉంది కాబట్టి లెక్క తేలిగ్గా కుదిరింది. మ్యాజిక్ సంఖ్యలకు దూరంగా పోతే కథ మారుతుంది. మన థర్మల్ స్టేషన్ బూడిదలో కూడా, ఏ బొగ్గు బూడిదలోనైనా ఉన్నట్టే, కొద్దికొద్దిగా థోరియం ఉంటుంది. బూడిదను గామా కిరణాలను కొలిచే పరికరం ముందు పెడితే పొటాషియం తాలూకు 1461 గీతతో పాటు 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇంకో గీత కనిపిస్తుంది. థోరియం 232 వరుసగా మారుతూ చివరికి సీసం 208 అవుతుంది. ఆ సీసం మొదటి ఉత్తేజిత స్థాయి నుంచి దిగినప్పుడు వచ్చే గీత అది. సీసం 208లో ప్రోటాన్లు 82, న్యూట్రాన్లు 126, రెండూ మ్యాజిక్ సంఖ్యలే. కదిలించడం కష్టం కాబట్టి మొదటి స్థాయే 2614 దాకా పోయింది. అదే వరుసలో మొదటిదైన థోరియం 232కు మొదటి ఉత్తేజిత స్థాయి 49 దగ్గరే ఉంది. దాని పైది 162 దగ్గర. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 3.28 వస్తుంది. గుండ్రంగా కాకుండా ఒక వైపు సాగిన ఆకారం మొత్తంగా తిరిగితే ఆ భాగఫలం 3.33 రావాలి. అంటే థోరియం కేంద్రకం సాగి ఉంది, మొత్తంగా తిరుగుతోంది. ఆగె బోర్, మోటెల్‌సన్, రెయిన్‌వాటర్ ఈ దృష్టిని స్థిరపరిచారు, 1975లో నోబెల్ బహుమతి పొందారు.

మధ్య ప్రాంతపు కేంద్రకాలను షెల్ మోడల్‌తోనే లెక్కగట్టాలంటే ఏమవుతుందో సమేరియం 154 చెబుతుంది. బయటి కక్ష్యల్లోని కణాలు ఎన్ని విధాలుగా సర్దుకుంటే మొత్తం స్పిన్ 2 వస్తుందో లెక్కపెడితే దాదాపు 346 లక్షల కోట్ల విధాలు తేలాయి. అన్ని సమీకరణాలు ఏ కంప్యూటరూ విప్పలేదు. 1970ల మధ్యలో జపాన్‌కు చెందిన అరిమా, ఇటలీకి చెందిన యాకెల్లో ఒక దారి కనిపెట్టారు. బయటి కణాలను జంటలుగా తీసుకుని, ఒక్కో జంటనూ ఒక బోసాన్‌గా భావించి, ఆ బోసాన్లకు సున్నా, 2 అనే రెండే కోణీయ ద్రవ్యవేగాలు ఇచ్చారు. ఆ నమూనాలో సమేరియం 154కు మిగిలిన స్పిన్ 2 స్థితులు 26. ఆ 26తోనే అడుగున ఉన్న స్థాయిల తీరు చాలావరకు సరిగ్గా వస్తుంది.

ఈ దారిలో తెలుగువారి చేయి బలంగా ఉంది. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో చదివిన వి.కె.బి. కోట, పాండ్య పనిచేసిన అహ్మదాబాద్ లేబొరేటరీలోనే దశాబ్దాల పాటు కేంద్రక నమూనాల మీద పరిశోధన చేశారు. బోసాన్లకు సున్నా, 2 మాత్రమే చాలవు, కొన్ని కేంద్రకాల్లో 4 కూడా కావాలని వై. దుర్గాదేవితో కలిసి విస్తారంగా లెక్కలు కట్టారు. వారిద్దరి సమీక్ష 1992లో ప్రమాణ పత్రికలో వచ్చింది. సాగిన కేంద్రకాల వెనక ఉన్న గణిత సౌష్ఠవం మీద కోట రాసిన పుస్తకం 2020లో వెలువడింది.

లెక్కకు ముందు కొలత ఉండాలి కదా. తెలుగునేల మీద కేంద్రక కొలతలకు పునాది వేసినవాడు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసి అయి, యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో డాక్టరేట్ చేసి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటం మీద పనిచేశాడు. 1954లో ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిర్మించాడు. విశాఖలోని ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది. కాషాయం కట్టిన మనిషి కేంద్రకాల శక్తి స్థాయిలు కొలవడం చూసి ఆశ్చర్యపోయేవారు ఉంటారు. నాకు మాత్రం ఆ రెండింటికీ కావాల్సిన ఓపిక ఒకటే అనిపిస్తుంది.

నమూనాల మీద ఒక ఆక్షేపణ తరచూ వినిపిస్తుంది. కొన్ని అంకెలను ప్రయోగానికి సరిపోయేలా సర్దుకుని తర్వాత సరిపోయిందనడం శాస్త్రమా అని. సర్దుబాటు జరుగుతుంది, దాచాల్సింది లేదు. ఆక్సిజన్ 16 నుంచి కాల్షియం 40 వరకు ఉన్న కేంద్రకాలకు విల్డెన్‌తాల్, బ్రౌన్ 1980లలో తయారు చేసిన బలంలో 66 సంఖ్యలున్నాయి. ఆ 66తో నాలుగు వందలకు పైగా స్థాయిలను సరిగ్గా పొందారు. అప్పుడు సర్దిన అంకెలనే తర్వాత ఇంకెన్నో స్థాయిలకు, గామా కిరణాల తీవ్రతలకు, బీటా క్షయం వేగాలకు వాడారు. ఎక్కడ సరిపోలేదో అక్కడ కొత్త విషయం బయటపడింది. సోడియం, మెగ్నీషియంలలో న్యూట్రాన్లు బాగా ఎక్కువైన కేంద్రకాల దగ్గర 20 అనే మ్యాజిక్ సంఖ్య బలం కోల్పోతుందని తెలిసింది అలాంటి చోటే. తన లెక్క ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పగలిగే నమూనా మంచి నమూనా. ఆ పరీక్షకు నిలిచింది కాబట్టే డెబ్బై ఐదేళ్లు దాటినా షెల్ మోడల్ వాడుకలో ఉంది.

ఇప్పుడు విద్యార్థులకు నా విన్నపం. ఈ పనికి యాక్సిలరేటర్ అక్కర్లేదు. ప్రపంచంలో ఇప్పటిదాకా కొలిచిన కేంద్రక స్థాయిలన్నీ అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ కేంద్రక సమాచార కేంద్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. షెల్ మోడల్ లెక్కలు కట్టే ప్రోగ్రాములు కూడా కొన్ని ఉచితంగా దొరుకుతాయి, చిన్న కేంద్రకాలకు మామూలు కంప్యూటర్ చాలు. ముందు ప్రోగ్రామ్ కూడా వద్దు. ఒక తెల్లకాగితం మీద క్లోరిన్ 38 స్థాయిలు ఎడమవైపు, పొటాషియం 40 స్థాయిలు కుడివైపు స్కేలుతో గీయండి. ఒకే స్పిన్ ఉన్న స్థాయిలను గీతలతో కలపండి. వరుస ఎలా తారుమారైందో మీ కళ్లతో మీరే చూడండి. ఆ తర్వాత న్యూట్రాన్లు సరిసంఖ్యలో ఉన్న సమేరియం రకాలన్నిటికీ మొదటి స్పిన్ 4 స్థాయి శక్తిని మొదటి స్పిన్ 2 స్థాయి శక్తితో భాగించి చూడండి. న్యూట్రాన్లు పెరిగే కొద్దీ ఆ భాగఫలం ఎక్కడ ఒక్కసారిగా లేస్తుందో గుర్తించండి. ఎందుకు లేచిందో మీ అధ్యాపకులను అడగండి. చంద్రాపూర్‌లో, రాజురాలో, ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీల్లో భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఈ రెండు అభ్యాసాలను ఒక్కసారి తరగతిలో చేయించాలని కోరుతున్నాను. ఒక పీరియడ్ చాలు.